అల్లిక సూదుల మీద అబద్ధపు నిషేధం

‘అల్లిక సూదులు విమానంలోకి రానివ్వరు. ఇంట్లో పెట్టి వెళ్ళమ్మా.’

కూతురి పురుటికి అమెరికా బయల్దేరే తల్లులకు మన ఇళ్ళలో తప్పకుండా వినిపించే సలహా ఇది. పిల్లలు చెబుతారు, చుట్టాలు చెబుతారు, టికెట్లు తీసిపెట్టే ఏజెంట్లూ చెబుతారు. చెప్పినవాళ్ళలో నియమాల జాబితా తెరిచి చూసినవాళ్ళు అరుదు. పుట్టబోయే బిడ్డకని మొదలుపెట్టిన స్వెటర్ సగంలోనే బీరువాలోకి వెళ్ళిపోతుంది. ఈ సలహా తప్పు. మంచి మనసుతో చెప్పినా తప్పు తప్పే.

ముందు నియమం చూద్దాం. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల తనిఖీ చూసే సంస్థ టీఎస్ఏ. దాని జాబితాలో అల్లిక సూదులకూ క్రోషే సూదులకూ చేతి బ్యాగులోనూ చెకిన్ లగేజీలోనూ అనుమతి ఉంది. బ్రిటన్ ప్రభుత్వ జాబితా అల్లిక సూదులను చేతి సామానులో అనుమతిస్తుంది. కెనడాలోనూ అంతే. ఇవి ఎవరైనా చదువుకోగలిగే బహిరంగ జాబితాలు. ఇక ఊలు ఉండల మీద అభ్యంతరానికి తావే లేదు.

మరి ఈ భయం ఎక్కడ పుట్టింది? 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పుట్టింది. ఆనాడు మొనదేలిన ప్రతి వస్తువూ అనుమానాస్పదమే అయింది, అల్లిక సూదులు కూడా తనిఖీల దగ్గర ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. కానీ భద్రత అక్కడే ఆగిపోలేదు. కాక్‌పిట్ తలుపులను బలంగా మార్చి తీరాలని అమెరికా ఆదేశించింది, దానికి 2003 ఏప్రిల్‌ను గడువుగా పెట్టింది. 2005 డిసెంబర్‌లో చిన్న కత్తెరలను కూడా మళ్ళీ క్యాబిన్‌లోకి అనుమతించింది. చిన్నచిన్న వస్తువుల వెంటపడే సమయాన్ని పేలుడు పదార్థాలను పట్టుకోవడంపై పెట్టాలన్నది అప్పుడు టీఎస్ఏ చెప్పిన కారణం. నియమం మారి ఇన్నేళ్ళయినా మన నోట సలహా మాత్రం 2001లోనే ఉండిపోయింది.

‘మొన ఉందిగా, సూదితో పొడవొచ్చుగా’ అంటారు. మొన ఉండటమే కొలమానమైతే ప్రయాణికుల జేబుల్లోని బాల్‌పెన్నులన్నీ తీసేసుకోవాలి. ఏ వస్తువుతో విమానాన్ని కూల్చవచ్చు, దేనితో కాక్‌పిట్‌లోకి చొరబడవచ్చు అన్న లెక్కతోనే భద్రతాధికారులు జాబితాలు తయారుచేస్తారు. ఆ లెక్కలో వాళ్ళు ఉదాసీనంగా ఉన్నారనడానికీ వీల్లేదు. 2013 మార్చిలో టీఎస్ఏ చిన్న చాకులను క్యాబిన్‌లోకి అనుమతిస్తామని ప్రకటించింది. విమాన సిబ్బంది గట్టిగా ఎదురు తిరిగారు. జూన్‌కల్లా ఆ ఆలోచన విరమించుకుంది. అంత గట్టి చర్చ నడిచిన చోట కూడా అల్లిక సూదులకు ఉన్న అనుమతి అలాగే నిలిచింది. విమానంలో పనిచేసేవాళ్ళే భయపడని వస్తువును చూసి మనం ఇంట్లో కూర్చుని భయపడటం ఎందుకు?

అసలు జాగ్రత్త పడవలసిన వస్తువు వేరే ఉంది. అల్లేవాళ్ళు దారం తెంపడానికి గొలుసులా మెడలో వేసుకునే గుండ్రటి బిళ్ళ ఒకటుంటుంది. అంచున చిన్న గాట్లు, లోపల దాగిన బ్లేడు. గాటులో దారం పెట్టి లాగితే తెగుతుంది. చూడటానికి నగలా ఉంటుంది గాని, టీఎస్ఏ దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వదు. చెకిన్ లగేజీలో వేయాల్సిందే. కత్తెర సంగతి వేరు. రెండు రెక్కలు కలిసే చోటి నుంచి కొన వరకు 4 అంగుళాల లోపు ఉంటే అమెరికాలో ఒప్పుకుంటారు. బ్రిటన్, కెనడాల్లో హద్దు 6 సెంటీమీటర్లు. అంటే 6 సెంటీమీటర్ల లోపు కత్తెర ఒకటి ఉంటే మూడు చోట్లా సరిపోతుంది. సూదులు మాన్పించి మెడలో బిళ్ళ గురించి మాట్లాడని సలహా వల్ల ఎవరికి మేలు?

‘అధికారి వద్దంటే తీసేసుకుంటారుగా’ అన్న మాటలో మాత్రం సగం నిజం ఉంది. తుది నిర్ణయం తనిఖీ దగ్గరున్న అధికారిదేనని టీఎస్ఏ కూడా చెబుతుంది. మన దేశంలో నియమాలు పెట్టేది బీసీఏఎస్, శంషాబాద్‌లో తనిఖీ చేసేది సీఐఎస్ఎఫ్. దుబాయ్, దోహాల మీదుగా వెళితే అక్కడా తనిఖీ ఉంటుంది. అందుకే ఎక్కే చోటి నియమం, ఎయిర్‌లైన్ జాబితా ముందే చూసుకోవాలి. ఖరీదైన సూదులను చెకిన్‌లో వేసి, పోయినా బాధలేని వెదురు సూదులను చేతిలో ఉంచుకోవాలి. తీగతో కలిపిన పొట్టి సర్క్యులర్ సూదులైతే ఇంకా నయం. పక్కవాళ్ళకు మోచేయి తగలదు, ఒక సూది జారి సీటు కిందికి పోదు. బయల్దేరే ముందు సూది మీదున్న కుట్లన్నిటిలోంచి వేరే రంగు దారం ఒకటి దూర్చి ఉంచితే, సూది పోయినా అల్లిక ఊడిపోదు. ఇబ్బందికి ఇంత తేలికైన ఉపాయం ఉండగా, అసలు తీసుకెళ్ళనే వద్దనడం సలహా కాదు.

‘ఒక్కరోజు అల్లకపోతే ఏమైంది’ అనేవాళ్ళకు నా జవాబు సూటిగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఎదురుచూపులతో కలిపి దాదాపు ఒక రోజు ప్రయాణం. మోకాళ్ళ నొప్పులతో, పట్టని నిద్రతో ఆ ఇరుకు సీట్లో కూర్చునే మనిషికి చేతిలో పని ఉండటం పెద్ద ఊరట. అది ఏళ్ళ తరబడి సంపాదించిన విద్య కూడా. నరసాపురం స్త్రీల క్రోషే లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు అందరం గర్వపడ్డాం. అలాంటి పనితనమే మన ఇంట్లో అమ్మ చేతిలో కనిపిస్తే ‘అవన్నీ ఇప్పుడెందుకు’ అని తీసిపారేయడం న్యాయం కాదు.

అమ్మ వీసా కాగితాలు మూడుసార్లు సరిచూసే పిల్లలు ఈ జాబితా కూడా ఒకసారి తెరవాలి. ఏ విమానాశ్రయంలో ఏది ఒప్పుకుంటారో చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చదవకుండా వద్దనే హక్కు ఎవరికీ లేదు.