స్తంభాల పేర్లు సరే, బరువు మోసేదేది?

వాషింగ్టన్ నగరం చూడబోయిన తెలుగు కుటుంబాల ఆల్బములలో లింకన్ స్మారక మందిరం మెట్ల మీద తీయించుకున్న ఫొటో ఒకటి తప్పక ఉంటుంది. వెనుక బారులు తీరిన డోరిక్ స్తంభాలు కనిపిస్తాయి. అవి మొత్తం 36. 1922లో ప్రారంభమైన ఆ మందిరానికి ఏథెన్సులోని పార్థినాన్ ఆదర్శం. 1935లో పూర్తయిన సుప్రీంకోర్టు భవనం ముంగిట 16 కోరింథియన్ స్తంభాలున్నాయి. పిల్లలు బడిలో నేర్చిన పేర్లను తల్లిదండ్రులకు అక్కడే అప్పగిస్తారు. శీర్షం సాదాగా ఉంటే డోరిక్, పొట్టేలు కొమ్ముల వలె సుడులు తిరిగి ఉంటే అయోనిక్, అకాంథస్ ఆకులు విచ్చుకొని ఉంటే కోరింథియన్. తల్లిదండ్రులు మురిసిపోతారు. మురిసిపోవడంలో తప్పు లేదు. అంతటితో పాఠం ముగిసిందనుకోవడంలోనే ఉంది తప్పు. నగలను చూసి మనిషిని ఎరిగితిమనుకోవడం వంటిదది. పైనున్న బరువు ఏ దారిన నేలకు చేరుతున్నదన్న ప్రశ్న వేయని వాస్తుపాఠం సగం పాఠమే.

ఆ ప్రశ్న వేస్తే పార్థినాన్ మరోలా కనిపిస్తుంది. క్రీ.పూ. 447లో మొదలై 432 నాటికి శిల్పాలతో సహా పూర్తయిన ఆ ఆలయానికి ముందువైపు 8, పక్కన 17 స్తంభాలు. ఒక్కొక్కటి 10 మీటర్లకు పైగా ఎత్తు. స్తంభం మందం సుమారు 1.9 మీటర్లయితే రెండు స్తంభాల నడుమ ఖాళీ దాదాపు రెండున్నర మీటర్లు మాత్రమే. అంత దగ్గరగా ఎందుకు నిలిపారు? అందం కోసమే కాదు. రాతికి నొక్కుడును ఓర్చే బలం ఎక్కువ, సాగదీతను ఓర్చే బలం తక్కువ. రెండు స్తంభాల మీద అడ్డంగా పెట్టిన రాతిదూలం బరువుకు వంగబోతే దాని అడుగుభాగం సాగి పగులుతుంది. కనుక దూలం పొడవు పెరగరాదు, స్తంభాలు దూరం జరగరాదు. కవులు వర్ణించే ఆ స్తంభశ్రేణి వెనుక రాతి బలహీనత కూడా ఉంది.

ఓరుగల్లు సీమలో పుట్టినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1163లో కాకతీయ రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడి కూడా స్తంభం మీద దూలం పెట్టిన కట్టడమే. ఆ శిల్పులకూ గ్రీకు శిల్పులకూ పరిచయం లేదు. ఇద్దరికీ రాయి చెప్పిన పాఠం మాత్రం ఒకటే.

రోమనులు ఈ చిక్కు నుండి బయటపడిన దారి కమాను. దానిని వారు కనిపెట్టలేదు. మెసొపొటేమియాలో అది ఎంతో ముందే ఉన్నది, గ్రీకులకూ తెలుసు. పైన వెడల్పుగా, కింద సన్నంగా చెక్కిన రాళ్ళను అర్ధవృత్తంగా పేరిస్తే ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుందే గాని ఏదీ సాగదు. ఆ సూత్రాన్ని వంతెనలకు, నీటి కాలువలకు, రంగస్థలాలకు విరివిగా వాడిన ఘనత రోమనులది. క్రీ.శ. 80లో ప్రారంభించిన కొలోసియం వెలుపలి గోడలో కింది మూడు అంతస్తుల్లోనూ అంతస్తుకు 80 కమానులు. వాటి నడుమ గోడకు అతికినట్లు సగం స్తంభాలు కింద డోరిక్ తరహాలో, ఆ పైన అయోనిక్, ఆ పైన కోరింథియన్. పాఠ్యపుస్తకాలు ఈ వరుసనే చూపుతాయి. బరువు ప్రధానంగా మోస్తున్నవి వాటి వెనుకనున్న కమానులూ వాటి దిమ్మెలూ. స్తంభం అక్కడ అలంకారంగా మారింది.

ఇక పాంథియన్. పేరు పోలికవల్ల దీనిని పార్థినాన్‌గా పొరబడేవారు పెద్దలలోనూ తక్కువేమీ కాదు. ఇది రోము నగరంలోనిది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో సుమారు క్రీ.శ. 126లో పూర్తయింది. గుమ్మటం వ్యాసం 43 మీటర్లకు పైన. నేలనుండి శిఖరానికి ఎత్తు కూడా అంతే. లోపల నడుమ ఒక్క స్తంభమైనా లేదు. ఉక్కు కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాలలో నేటికీ అదే అతిపెద్దది. రహస్యం కూర్పులో ఉంది. అడుగున కాంక్రీటులో బరువైన రాయి కలిపారు, పైకి పోయేకొద్దీ తేలిక రాయి, కొసన నీటిమీద తేలే అగ్నిపర్వతపు నురుగురాయి. మందం కూడా అడుగున సుమారు 6 మీటర్లు, పైన 1.2 మీటర్లు. నడినెత్తిన గుండ్రని ద్వారం తెరిచే ఉంచారు. వానకురిస్తే లోపల పడుతుంది, నేలలోని రంధ్రాల గుండా పోతుంది. 1213 నాటి పాలంపేట రామప్ప గుడి శిఖరంలో నీట తేలే ఇటుకలు వాడిన స్థపతి కూడా ఈ తర్కాన్నే పాటించాడు.

ఆ కాంక్రీటు మన గానుగ సున్నానికి దూరపు బంధువే. సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపేవారు. అందులో కనిపించే తెల్లని సున్నపు ముద్దలను చాలాకాలం కూలీల అశ్రద్ధగా భావించారు. 2023లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు మరొక అర్థం చెప్పారు. పొడిసున్నాన్ని వేడిగా కలపడం వల్ల ఆ ముద్దలు మిగిలాయని, పగులులోకి నీరు దిగితే అవి కరిగి, మళ్ళీ గట్టిపడి ఆ పగులును పూడుస్తాయని వారి వాదం.

సౌందర్యానికి విలువ లేదా అని రసజ్ఞులు అడగవచ్చు. తప్పక ఉంది. పార్థినాన్ స్తంభాల నడుమ కనీకనిపించని ఉబ్బు, పక్కవైపున దాదాపు 11 సెంటీమీటర్లు పైకి వంగిన పీఠం, ఇవి కంటికోసం పడిన శ్రమ. కాని ఆ సౌందర్యాన్నైనా బడులు సరిగా చెబుతున్నాయా? తెల్లని పాలరాతి ఆలయమని నేర్పుతున్నారు. నిజానికి ఆ శిల్పాలకు నీలం, ఎరుపు వంటి రంగులు పూసేవారు. ఆ జాడలు నేటికీ దొరుకుతున్నాయి.

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో 1897 నాటి ప్రదర్శన కోసం పార్థినాన్‌కు పూర్తి పరిమాణంలో నకలు కట్టారు. తాత్కాలికంగా కట్టినది శిథిలమైతే 1920లలో కాంక్రీటుతో మళ్ళీ కట్టి 1931లో తెరిచారు. ఆ దారిన వెళ్ళే కుటుంబాలు పిల్లలను స్తంభాల పేర్లు అడగడం కొంచెం ఆపి, పోతపోసిన ఈ గుడికి రాతిగుడిలాగా అన్ని స్తంభాలు అవసరమా అని అడిగి చూడవచ్చు.