వరి ఎండాకు తెగులు: స్రావక జన్యువుల జాబితాతో పరిశోధన ముగియరాదు

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును కలుగజేసే జాంథోమోనాస్ ఒరైజే మొక్క కణంలోనికి ప్రవేశించదు. ఆకు అంచులలోని నీటి రంధ్రాల గుండా, గాయాల గుండా లోనికి చేరి దారునాళాలలో వృద్ధి చెందుతుంది గాని, చివరివరకు కణకవచానికి వెలుపలనే ఉండిపోతుంది. బయట నిలిచి లోపలి వ్యవహారమంతటినీ తనకు అనుకూలంగా మార్చుకొనగల శక్తి దానికి స్రావక వ్యవస్థల వలన కలుగుచున్నది. కనుక ఈ వ్యవస్థలను నిర్మించే జన్యువులపై వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఆసక్తి పెరుగుట సహజము, అవసరము కూడా. అయితే ఈ ఆసక్తి చాలా సందర్భాలలో ఒక పట్టిక వద్దనే ఆగిపోవుచున్నది. పొలం నుండి తెచ్చిన బాక్టీరియా జన్యుపటంలో ఫలానా జన్యువులు ఉన్నవి, ఫలానావి లేవు అని వ్రాసి సిద్ధాంతవ్యాసాన్ని ముగించే పద్ధతిని పునరాలోచించవలసి ఉన్నది.

జన్యువు ఉండుట వేరు, అది పనిచేయుట వేరు. హెచ్‌ఆర్‌పీ జన్యుసముదాయము ఇందుకు చక్కని నిదర్శనం. సూది వంటి టైప్‌-3 స్రావక యంత్రాన్ని నిర్మించే ఈ జన్యువులు పోషకాలు సమృద్ధిగా గల మాధ్యమంలో దాదాపు నిద్రాణంగా ఉంటాయి. మొక్క లోపలి పరిస్థితులు గాని, వాటిని పోలిన కొరత మాధ్యమం గాని లభించినప్పుడే హెచ్‌ఆర్‌పీ-జి, హెచ్‌ఆర్‌పీ-ఎక్స్ అను నియంత్రకాల ద్వారా మేల్కొంటాయి. సాధారణ మాధ్యమంలో పెంచిన బాక్టీరియాను పరీక్షించి ఈ జన్యువులు ‘చురుకుగా లేవు’ అని తేల్చుట, నిద్రపోవుచున్న కాపలాదారును చూచి ఇంటికి కాపలాయే లేదని చెప్పుట వంటిది.

జాబితాకు మించి వెళ్లినప్పుడు లభించే ఫలితమేమిటో తెలుసుకొనుటకు దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదులోని సీసీఎంబీలో రమేశ్ సొంటి పరిశోధక బృందం టైప్‌-2 వ్యవస్థ దెబ్బతిన్న ఉత్పరివర్తకాలను తయారుచేసి 2000లో ఫలితాలను ప్రకటించినది. ఆ బాక్టీరియా జైలనేజ్ అను ఎంజైమును తయారుచేయగలిగినది గాని బయటకు పంపలేకపోయినది. తెగులు కలిగించే శక్తి కూడా తగ్గిపోయినది. తరువాత 2007లో అదే బృందం మరింత లోతైన విషయాన్ని చూపినది. టైప్‌-2 ద్వారా వెలువడి కణకవచాన్ని కరిగించే ఎంజైములే వరి మొక్కను అప్రమత్తం చేసి రక్షణ చర్యలను రేకెత్తిస్తాయి. ఆ రక్షణను అణచివేయుట టైప్‌-3 ద్వారా కణంలోనికి చేరే ప్రోటీన్ల వంతు. అనగా ఒక వ్యవస్థ తలుపు పగులగొడుతున్నది, ఆ చప్పుడు వినిపించకుండా రెండవది చూచుకొనుచున్నది. రెండు వ్యవస్థల జన్యువులను వేర్వేరు పట్టికలలో నమోదు చేసినంత మాత్రాన ఈ సంబంధము బయటపడదు. ఒక్కొక్క జన్యువును తొలగించి, తిరిగి చేర్చి, రెండింటినీ కలిపి తొలగించి, ప్రతిసారీ ఆకుపై పరీక్షించుట వలననే అది తెలిసినది.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయమెందుకు అన్న ప్రశ్న ఉదయించవచ్చును. సమాధానం సాంబ మసూరిలోనే ఉన్నది. బాపట్లలో రూపొంది బీపీటీ 5204గా ప్రసిద్ధి చెందిన ఈ రకము ఎండాకు తెగులుకు సులభంగా లోబడుతుంది. దానిలో ఎక్స్‌ఎ21, ఎక్స్‌ఎ13, ఎక్స్‌ఎ5 అను మూడు నిరోధక జన్యువులను చేర్చిన మెరుగైన సాంబ మసూరిని సీసీఎంబీ, నేటి భారత వరి పరిశోధన సంస్థ కలసి రూపొందించగా 2008లో అది విడుదలైనది. మూడు జన్యువులు గనుక మూడు తాళాలు అని రైతు సమావేశాలలో చెప్పుట వాడుక. ఆ మాట తప్పు కాదు, కాని అసంపూర్ణం. ఈ మూడింటి నిరోధక శక్తి కూడా బాక్టీరియా స్రవించే ప్రోటీన్లతోనే ముడిపడి ఉన్నది.

టైప్‌-3 ద్వారా కణంలోనికి చేరే టాల్ ప్రోటీన్లు వరి కేంద్రకంలో స్వీట్ జన్యువులను మేల్కొల్పి, బాక్టీరియాకు ఆహారమైన చక్కెరను బయటకు రప్పిస్తాయి. ఎక్స్‌ఎ13 గల మొక్కలో స్వీట్11 జన్యువు ముందరి భాగము మారి ఉన్నందున పీటీహెచ్-ఎక్స్‌ఓ1 అను టాల్ ప్రోటీను అచ్చట అతుకలేదు. కాని స్వీట్14ను మేల్కొల్పే ఎవిఆర్-ఎక్స్‌ఎ7 వంటి ప్రోటీను గల బాక్టీరియాకు ఈ మార్పు అడ్డు కాదు. టాల్ ప్రోటీన్లకు ఊతమిచ్చే వరి ప్రోటీనులోని ఒకే ఒక అమైనో ఆమ్లపు మార్పు ఎక్స్‌ఎ5. ఫిలిప్పీన్స్‌కు చెందిన పీఎక్స్‌ఓ99 అను బాక్టీరియా దీనిని జయిస్తుంది గాని ఎక్స్‌ఎ13 ముందు ఓడిపోతుంది. ఈ విధంగా రెండు తాళాలు ఒకే ద్వారానికి సంబంధించినవి. మూడవదైన ఎక్స్‌ఎ21 మాత్రమే వేరొక ద్వారాన్ని, అనగా టైప్‌-1 తరహా వ్యవస్థ ద్వారా వెలువడే రాక్స్-ఎక్స్ అను చిన్న ప్రోటీనును గుర్తిస్తుంది. ఆ జన్యువు మారిన బాక్టీరియా ఎక్స్‌ఎ21 కంటబడకుండా పోగలదు.

కావున మెరుగైన సాంబ మసూరి సాగయ్యే జిల్లాలలో ప్రతి సీజనులోను సేకరించిన బాక్టీరియాను రెండు ప్రశ్నలు అడుగవలెను. అది ఏ స్వీట్ జన్యువును మేల్కొల్పుచున్నది? దాని రాక్స్-ఎక్స్ యథాతథంగా ఉన్నదా? వందల జన్యువుల పట్టిక కంటె ఈ రెండు సమాధానాలు రైతుకు మేలు. మొదటి ప్రశ్నకు చిన్న ముక్కలుగా చదివిన జన్యుపటము చాలదు. టాల్ జన్యువులలో ఒకే తీరు భాగము పదే పదే పునరావృతమగుటచే చిన్న ముక్కలను జతపరచుటలో అవి కలగాపులగమవుతాయి. పొడవైన శ్రేణులను చదివే పద్ధతి కావలెను, లేదా తెగులు సోకిన ఆకులో స్వీట్ జన్యువుల చురుకుదనాన్ని నేరుగా కొలవవలెను. రెండవది సాధారణ విభాగ ప్రయోగశాలలో కూడా సాధ్యమే.

ఈ పనిలో బలహీనమైన లంకె ఖరీదైన యంత్రము కాదు, నమూనా. ఎక్స్‌ఎ21 గుర్తించే అణువు ఏఎక్స్21 అని 2009లో ప్రకటించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రయోగశాల, బాక్టీరియా రకాల పేర్లలో తారుమారు జరిగినట్లు తానే కనుగొని 2013లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నది. సరియైన అణువు రాక్స్-ఎక్స్ అని 2015లో అదే ప్రయోగశాల తెలియజేసినది. తప్పును బహిరంగంగా సరిదిద్దుకొన్న తీరు మెచ్చదగినది. కాని ఒక సీసాపై చీటీ ఎంత విలువైనదో విద్యార్థులు గ్రహించవలసినది అచ్చటనే.

పొలంలోనూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. ‘నిరోధక రకానికి తెగులు సోకినది’ అన్న ఫిర్యాదు వచ్చిన వెంటనే కొత్త బాక్టీరియా పుట్టినదని భావించరాదు. ఆకును కోసి గాజుగ్లాసులోని నీటిలో ఉంచి, తెల్లని బాక్టీరియా స్రావము దిగుచున్నదో లేదో ముందు చూడవలెను. తరువాత ఆ మొక్కలో మూడు నిరోధక జన్యువులూ నిజముగా ఉన్నవో లేవో మార్కర్లతో నిర్ధారించవలెను. మామూలు సాంబ మసూరితో విత్తనము కలిసిపోయి ఉండవచ్చును. ఈ రెండు పరీక్షలు దాటిన నమూనాయే స్రావక జన్యువుల పరిశీలనకు అర్హమైనది. దానిని గ్రామము, రకము, తేదీ, నత్రజని మోతాదు వ్రాసిన కాగితపు కవరులో ఆరబెట్టి పంపుట విస్తరణ శాస్త్రవేత్త చేయదగిన పని. వేరుచేసిన బాక్టీరియాను గ్లిజరాలులో అతిశీతలంగా భద్రపరచి, విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లిన తరువాత కూడా అది మరొకరికి అందేటట్లు చూచుట విభాగం బాధ్యత.