చెవి మిషన్ పెట్టుకుంటే విశ్వాసం తక్కువైనట్టా?



మా సంఘంలో ఒక అవ్వ ఉన్నది. ఎన్నో ఏండ్లుగా ఆదివారం తప్పని మనిషి. ముందు వరుసలో చాప మీద కూర్చునే ఆమె మెల్లమెల్లగా గోడ పక్కకు జరిగింది. తర్వాత రావడమే మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే, "మీరేం చెప్తున్నరో నాకు సమజైతలేదు అయ్యగారూ, ఉత్తగ కూసునుడెందుకు?" అన్నది.

కొడుకు చెవి మిషన్ ఇప్పిస్తానంటే వద్దన్నదట. "మీరు చెవుల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినంక మిషన్ పెట్టుకుంటే నమ్మకం లేనట్టు గాదా?" అన్నది. ఆ మాట మమ్మల్ని గుచ్చింది. ఆ ఆలోచన ఆమెకు మా ప్రసంగాల నుండే వచ్చింది.

ప్రియులారా, మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. నలభై దాటాక కళ్లద్దాలు లేనిదే వాక్యం చదవలేని మేము, చెవి మిషన్‌ను అవిశ్వాసం అనుకోనివ్వడం న్యాయం కాదు. ప్రార్థన మానవద్దు, పరీక్షా మానవద్దు.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి స, త, క వంటి సన్నని శబ్దాలు. మాట వినబడుతుంది, కానీ తెలియదు. 'కాలు' అన్నా 'పాలు' అన్నా ఒకటే. అందుకే అరిచి లాభం లేదు. ఒకరి కళ్లద్దాలు మరొకరికి సరిపోనట్టే, ఒకరి మిషన్ మరొకరికి సరిపోదు. మొదట డాక్టరు చెవిలో గుబిలి ఉందేమో చూడాలి. తర్వాత ఆడియోమెట్రీ పరీక్ష జరగాలి. ఏ శబ్దం ఎంత తగ్గిందో అందులో తెలుస్తుంది, దాన్నిబట్టి మిషన్‌ను సరిచేస్తారు. కనబడకుండా ఉంటుందని మరీ చిన్నది కొనకండి. పొలం పని చేసి మొద్దుబారిన వేళ్లకు గింజంత బ్యాటరీ మార్చడం కష్టం. చెవి వెనుక పెట్టుకునేదో, జేబులో పెట్టుకునేదో మేలు.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం దూరం కాదు. వికలాంగ సర్టిఫికెట్ ఉన్న తక్కువ ఆదాయం వారికి కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద మిషన్ ఉచితంగా దొరికే అవకాశం ఉన్నది. అడిగి తెలుసుకోండి.

మిషన్ వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. అవ్వ మొదటి రోజే గుడికి పెట్టుకొని వచ్చింది. డోలక్, చప్పట్లు, స్పీకర్ బాక్సు ఒక్కసారి మీద పడ్డాయి. తీసి కొంగున కట్టుకుంది. "తలకాయ పలుగుతుంది అయ్యగారూ" అన్నది.

అప్పుడు మార్కు సువార్త 7వ అధ్యాయం మాకు కొత్తగా అర్థమైంది. ప్రభువు ఆ చెవిటివాణ్ణి ముందు జనసమూహంలో నుండి ఏకాంతానికి తీసుకొనిపోయాడు. మేమేమో అవ్వను నేరుగా జనం మధ్యకు తెచ్చాము. ఏండ్ల తరబడి వినని మెదడుకు గిన్నెల చప్పుడు, ఫ్యాను గాలి, చివరికి తన గొంతు కూడా కొత్తే. మొదట నిశ్శబ్దమైన గదిలో, ఒక్కరితో, గంటో రెండు గంటలో పెట్టుకోవాలి. రోజురోజుకూ పెంచాలి. గుంపు చివరికి రావాలి. కీచుమన్నా, నొప్పి పెట్టినా డబ్బాలో దాచేయకుండా, ఇచ్చిన చోటికే తీసుకెళ్లి సరిచేయించాలి.

అవ్వకు రోజూ సాయంత్రం మనవరాలు ఎదురుగా కూర్చుని ఒక కీర్తన చదివింది. కొన్ని వారాల తర్వాత అవ్వ మళ్లీ వచ్చింది. ఇప్పటికీ పాటలప్పుడు మిషన్ తీసేస్తుంది, వాక్యమప్పుడు పెట్టుకుంటుంది. మేము స్పీకర్ తగ్గించాము. ఆమెకు ముఖం కనబడేటట్టు నిలబడి నిదానంగా మాట్లాడుతున్నాము.

వినుట వలన విశ్వాసం కలుగుతుందని బోధించే మనం, వినలేని వారిని గోడ పక్కన వదిలేస్తే ఎలా? ఈ ఆదివారం మీ సంఘంలో వెనుక కూర్చున్న పెద్దల దగ్గరకు వెళ్లండి. "వినబడుతుందా?" అని అడగకండి, అందరూ తలూపుతారు. "ఈ రోజు వాక్యంలో ఏం విన్నారు?" అని అడగండి.

ప్రభువు మన చెవులను, మన ఓర్పును తెరచును గాక. ఆమేన్.