డబ్బాలోని బలము

స్థూలకాయము రోగములకు దారి తీయునన్న మాటతో మాకు వివాదము లేదు. మధుమేహమును రక్తపు పోటును దానిని వెన్నంటి వచ్చుచున్నవి. మా వివాదమెల్ల ఆ భయమును పెట్టుబడిగా జేసికొని, అన్నము మాన్పించి, మాంసకృత్తుల పొడిని అంటగట్టు వ్యాపారముతోడనే.

మాంసకృత్తులను మేము నిందించుట లేదు. అవి కడుపు నిండిన తృప్తి నిచ్చును. దేహము చిక్కునపుడు కండ కరగిపోకుండ కొంత కాపాడును. ఈ మాత్రము సత్యము. కాని పది దినములలో మూడు కిలోలు తగ్గితిమని మురియువారికి, తగ్గినదేమో ఎవరును చెప్పరు. పిండిపదార్థములు మానగానే కాలేయమందును కండలయందును నిలువయున్న గ్లైకోజెను ఖర్చగును; దానితో గూడియున్న నీరు వెడలిపోవును. తొలి దినములలో త్రాసు దిగుట చాలవరకు ఆ నీటివలననే. మరల అన్నము ముట్టినంతనే ఆ నీరు తిరిగి వచ్చును.

ఇది క్రొత్త మాయయు గాదు. 1976లో అమెరికాలో రాబర్ట్ లిన్ అను వైద్యుడు ఒక గ్రంథము వ్రాసి, భోజనము మాని ద్రవరూపమైన మాంసకృత్తులను మాత్రమే త్రాగుడని బోధించెను. ఆ ద్రవము కబేళాలలో మిగిలిన తోళ్ల నుండియు స్నాయువుల నుండియు తీసినది. లక్షలమంది త్రాగిరి. 1977 నాటికే ఆకస్మిక మరణముల వార్తలు బయలుపడెను. సుమారు 60 మరణములు విచారణకు వచ్చెను. గుండె లయ తప్పి పోయినవారు అందు పలువురు. నేటి పొడి పాలు విరిచిన తేటనుండి తీసినది, దానికంటె మేలైనదే. అయినను, పళ్లెమునకు బదులు డబ్బా చాలునన్న బోధ మాత్రము నాటిదే. (మన చరకసంహిత స్థూలకాయునకు యవలు, కొఱ్ఱలు, పెసలు, ఉలవలు చెప్పినది. ఉలవలన్న పశువుల దాణాయని నవ్వు విద్యాధికులే ఈ డబ్బాకు వేలు పోయుచున్నారు!)

మాంసకృత్తుల వినియోగమున బుట్టు యూరియాను వెడలించు పని మూత్రపిండములది. ఆరోగ్యవంతుని మూత్రపిండములు ఆ భారమును మోయగలవు. చెడినవానికి అది చేటు. చెడుచున్నపుడో, నొప్పి యైనను పుట్టదు. మధుమేహము ఇంత ప్రబలిన దేశమున, శ్రీకాకుళపు ఉద్దానమువంటి సీమ గల నాట, రక్తమున క్రియాటినిన్ ఎంతయో, మూత్రమున ఆల్బుమిన్ కలదో లేదో విచారింపకయే డబ్బా చేతికిచ్చు వ్యాయామశాలవానిని ఏమందుము? వాడు వైద్యుడా? వైద్యుడు కాకున్న, ఈ సాహసము వానికెవరిచ్చిరి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, కండ పెంచుటకై ఇట్టి పొడులను వాడవలదనియే చెప్పినది. పెద్దలకు కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాము మాంసకృత్తులు చాలునని ఆ సంస్థ లెక్క. అనగా 60 కిలోల మనిషికి 50 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పున 20 గ్రాములకు పైగా నుండును. గ్రుడ్డొకటికి 6 గ్రాములు.

ఇక ఇంటిలోని సంగతి. కుమారునికై వేల రూపాయల డబ్బా కొను గృహములలోనే, పప్పుగిన్నె అడుగంటిన పిమ్మట చారునీళ్లతోను ఊరగాయతోను భోజనము ముగించు తల్లులు ఎందరు లేరు? ఆమె 50 గ్రాములు ఎచ్చట నున్నవో గృహస్థు ఎన్నడైన విచారించెనా? ఈ నెల డబ్బా సొమ్ముతో ఆమె విస్తరిలో దినమునకొక గ్రుడ్డో, గ్రుడ్డు తినని యింట గిన్నెడు పప్పును పెరుగునో వడ్డింపుడు. పిల్లవానిని ముందు రక్తపరీక్షకు బంపుడు.