కడియం దించిన రక్తపోటు

ఒక్క వోచరు చూసి సంవత్సరం ఖర్చంతా తేల్చేసే ఆడిటరు ఉంటే వాణ్ని ఆఫీసులో ఎవరూ నమ్మరు. రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. కానీ ఒకసారి బి.పి. చూసి "ప్రమాదం" అని బెదిరించి, అరగంట తర్వాత ఇంకోసారి చూసి "తగ్గించేశాం" అనేవాడికి మాత్రం మనవాళ్లు శాలువా కప్పుతారు.

సూరత్‌లో లింబాయత్, డిండోలి, నవాగామ్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువగా తెలంగాణ నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన పద్మశాలీలు, వాళ్ల పిల్లలు. ఆ మధ్య మా నవాగామ్‌లో ఒక హాలులో "ఉచిత రక్తపోటు పరీక్ష" అని బోర్డు పెట్టారు. పరీక్ష ఉచితమే. పక్క బల్ల మీద అయస్కాంత కడియాలు మాత్రం 1,500 రూపాయలు.

మా వీధిలో ఉండే ఒక సాంచాల కార్మికుడు రాత్రి పాళీ దిగి, ఇంటికి కూడా పోకుండా అక్కడికి వెళ్లాడు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడ్డ మనిషి. దారిలో టీ తాగాడు, నోట్లో తంబాకు ఉంది. వరుసలో నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూనే చూశారు. 172/104 వచ్చింది. "ఇంత ఉండి ఎలా నడుస్తున్నావయ్యా" అన్నారట. ఆ మాట విన్నాక రక్తపోటు తగ్గుతుందా, పెరుగుతుందా? కడియం తొడిగి, ఫ్యాను కింద కుర్చీలో అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూశారు. 154/96. హాలులో చప్పట్లు.

"సార్, నా కండ్లతోని సూసిన. కడియం ఏసుకున్నంక దిగింది" అన్నాడు నాతో. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే దిగింది. దించింది కుర్చీ.

ఇందులో మహత్తేమీ లేదు. రక్తపోటు అనేది మనిషి ఎత్తులాగా స్థిరంగా ఉండే అంకె కాదు. నిద్రలో ఒకటి, మెట్లెక్కితే ఒకటి, డాక్టరు ఎదురుగా కూర్చుంటే ఇంకొకటి. 1896లో ఇటలీ డాక్టరు రీవా రోచి చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా డాక్టరు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో శబ్దం విని పై అంకె, కింది అంకె రెండూ పట్టే పద్ధతి చెప్పాడు. అప్పటి నుంచి నేటిదాకా వైద్యులు నేర్చుకున్న పాఠాల్లో ముఖ్యమైనది, ఒక్కసారి చూసినదాన్ని నమ్మకూడదనే. పరీక్షకు అరగంట ముందు టీ, పొగాకు, శ్రమ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీద చుట్టాలి, చేతి లావుకు సరిపోవాలి. మాట్లాడకూడదు. మాట్లాడటం, నిండిన మూత్రాశయం వంటివి ఒక్కొక్కటే పది పాయింట్ల దాకా పెంచగలవు. ఆ హాలులో వీటిలో ఒక్కటీ పాటించలేదు. ఉచితమే కదా అని ఎవరూ అడగలేదు.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. మాయ వైద్యాలన్నింటికీ ఇదే పెట్టుబడి. వందమందికి బి.పి. చూసి, అందులో బాగా ఎక్కువ వచ్చిన పదిమందిని పక్కకు తీయండి. వాళ్లకు ఏమీ ఇవ్వకండి. మర్నాడు చూడండి, ఆ పదిమంది సగటు తగ్గి ఉంటుంది. ఎందుకంటే వాళ్లను ఏరిందే వాళ్ల అంకె బాగా పైకి ఎగిరిన క్షణంలో. ఎగిరినది మళ్లీ తన మామూలు చోటికి దగ్గరగా వస్తుంది. ఈ మధ్యలో మీరు తాయెత్తు కడితే పేరు తాయెత్తుది, మెంతినీళ్లు పోస్తే మెంతులది. కట్టనివాడికీ తగ్గింది, కానీ వాడు వచ్చి మైకులో సాక్ష్యం చెప్పడు.

అయస్కాంతం రక్తంలోని ఇనుమును లాగుతుందని ఆ అమ్మేవాడి సిద్ధాంతం. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అంటుకునేది కాదు. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రంలో 1.5 టెస్లా, 3 టెస్లా అయస్కాంతాల మధ్య మనిషిని పడుకోబెడతారు. వీడి సిద్ధాంతం నిజమైతే ఆ మనిషి గతి ఏమిటి?

"మన ఆయుర్వేదంలో బి.పి.కి మందు లేదా" అని వెంటనే అడిగేవాళ్లున్నారు. సర్పగంధి ఉంది. దాన్ని గౌరవంగానే తలుచుకుందాం. కానీ అది ప్రపంచానికి ఎలా తెలిసింది? బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రోగులకు ఇచ్చి, కొలిచి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు కాబట్టి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ శాస్త్రజ్ఞులు అందులోంచి రెసెర్పిన్‌ను వేరు చేశారు. కొందరు రోగుల్లో తీవ్రమైన దిగులు వస్తోందని కూడా తర్వాత గమనించారు. ఇంతకంటే మెరుగైన మందులు వచ్చాక దాన్ని చాలావరకు పక్కన పెట్టారు. మొక్క మనదా, మాత్ర వాళ్లదా అని కాదు, కొలిచారా లేదా అన్నదే ప్రశ్న. కడియం వాడు ఏం కొలిచాడు?

అంతమాత్రాన డాక్టర్లందరినీ వెనకేసుకు రావడం లేదు. చొక్కా మీద పట్టీ చుట్టి అర నిమిషంలో జీవితాంతానికి మాత్ర రాసే డాక్టరూ అదే తప్పు చేస్తున్నాడు. ఒక తేడా మాత్రం ఉంది. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం వంటివి ఉంటే సగటులు కూర్చుని లెక్క కట్టకూడదు, నేరుగా ఆసుపత్రికి పోవాలి.

మా కార్మికుడికి అవేమీ లేవు. నా దగ్గరున్న, చేతికి చుట్టే మిషను ఇచ్చాను. ఏడు రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి కాగితం మీద రాయమన్నాను. మొదటి రోజు అంకెలు వదిలేశాం. మిగిలిన 24 అంకెల సగటు 146/92. ఇంటి దగ్గర కొలిస్తే 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. అంటే 172 అనేది పూర్తి నిజం కాదు గానీ జబ్బు మాత్రం నిజం. నా కోపమంతా ఇక్కడే. బి.పి. లేనివాడికి కడియం అమ్మితే 1,500 రూపాయల నష్టం. ఉన్నవాడికి "తగ్గిపోయింది" అని చెప్పి పంపితే, నొప్పీ గిప్పీ లేకుండా గుండెను, మెదడును, మూత్రపిండాలను ఏళ్ల తరబడి నమిలే జబ్బుకు తలుపు తీసిపెట్టినట్లు. ఇప్పుడాయన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నాడు. జన ఔషధి దుకాణంలో కొన్నా దాని ఖర్చు రోజుకు ఒక టీ అంత కాదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1954 నాటి మాయ చికిత్సల ప్రకటనల చట్టం. మందుతో నయం చేస్తామని ప్రచారం చేయకూడని జబ్బుల పట్టికలో రక్తపోటు కూడా ఉంది. తాయెత్తులు, మంత్రాలు, మహిమల పేరుతో జబ్బు తగ్గిస్తామన్నా నేరమే. నోటితో చేసే ప్రకటన కూడా ప్రకటనే, మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. 2024లో పతంజలి సంస్థ చేతే సుప్రీంకోర్టు పత్రికల్లో క్షమాపణ వేయించింది. వీధి చివర హాలులో మైకు పట్టుకున్నవాడిని అడిగే నాథుడు లేడు.

కాబట్టి నేనే అడుగుతున్నాను. ఆ కడియాల వ్యాపారి మళ్లీ నవాగామ్ రావాలి. ఇరవై కడియాలు నేను డబ్బిచ్చి కొంటాను. అచ్చం అలాగే ఉండే, అయస్కాంతం లేని ఇరవై కడియాలు చేయిస్తాను. నలభై మందికి చీటీలు తీసి పంచుదాం. వేసుకున్నవాడికీ తెలియకూడదు, కొలిచేవాడికీ తెలియకూడదు. రెండు వారాలు, రోజూ పొద్దున, సాయంత్రం, కూర్చోబెట్టి కొలుద్దాం. ఎవరి మాత్రలూ ఆపించేది లేదు. లెక్క నేను రాస్తాను, తనిఖీకి తన మనిషిని పెట్టుకోవచ్చు.