మక్కలకు లేని గ్యారంటీ ఇథనాల్‌కు ఎందుకు?

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి మా అల్లుడు ఫోన్ చేసిండు. చెల్లె కొడుకు. వానికి 2015 మోడల్ కారు ఉన్నది. "మామా, మీ మక్కలన్నీ తెచ్చి మా ట్యాంకులల్ల పోస్తున్నరు. పదహారు ఇచ్చే బండి పదిహేను దాటుత లేదు. మీరు బాగుపడుడు, మేము మునుగుడు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, నేను గూడ నవ్విన. ఫోన్ పెట్టేసినంక మాత్రం కోపమొచ్చింది. వాని మీద కాదు, వానికి ఆ మాట నేర్పినోళ్ల మీద.

ఎందుకంటే ఆ ఫోన్ రావడానికి నెల ముందే నేను 52 క్వింటాళ్ల మక్కలు 1,870 రూపాయల చొప్పున అమ్మిన. మద్దతు ధర 2,400. క్వింటాలుకు 530 తక్కువ. మొత్తం మీద 27,560 రూపాయలు పోయినయి. కొనుగోలు కేంద్రం తెరుస్తరని ఆగినోళ్లు ఆగిండ్రు. నాకు కల్లంల ఆరబోసిన మక్కల మీద వాన పడింది, పెట్టుబడి తెచ్చిన కాడ మిత్తి నడుస్తున్నది, ఇంక ఆగలేదు. వచ్చిన బేరగాడు మాయిశ్చర్ అని ఇంత, తరుగు అని ఇంత కోసుకున్నడు, అది వేరే. బాగుపడ్డది ఎవరో గానీ నేనైతే కాదు.

ముందు అల్లునికి న్యాయం చేయాలె. వాడు మైలేజీ గురించి చెప్పింది అబద్ధం కాదు. లీటరు ఇథనాల్‌ల ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ వాళ్లు 2021ల ఇచ్చిన రిపోర్టులనే రాసిండ్రు. ఉత్త పెట్రోల్ కోసం తయారై, 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లకు 20 శాతం కలిపిన పెట్రోల్ పోస్తే మైలేజీ 6-7 శాతం, బైకులకైతే 3-4 శాతం తగ్గొచ్చని. అదే రిపోర్టుల ఇంకో మాట గూడ ఉన్నది. దాన్ని ఎవరూ బయటికి చదువుత లేరు. శక్తి తక్కువ కాబట్టి కలిపిన పెట్రోల్ రేటు మామూలు పెట్రోల్ కంటే తక్కువ ఉండాలని. మరి తగ్గిందా? హైదరాబాద్‌ల లీటరు 107 దాటే ఉన్నది.

అడిగితే పెట్రోలియం శాఖ ఏం చెప్పిందంటే, ఆ రిపోర్టు రాసిననాడు ఇథనాల్ చవక, ఇప్పుడు ఇథనాలే పిరమైంది అని. 2025 జూలై ఆఖరుకు రవాణా, జీఎస్టీ అన్నీ కలుపుకొని సగటున లీటరుకు 71 రూపాయల 32 పైసలు పడుతున్నదట. ఎందుకు పిరమైంది? మక్కలతోటి చేసిన ఇథనాల్‌కు 2021-22ల లీటరుకు 52.92 ఇచ్చేటోళ్లు. ఇప్పుడు 71.86 ఇస్తున్నరు. అన్నదాతను ఊర్జాదాత చేస్తున్నం, రైతు కోసమే పెంచినం అంటున్నరు. ఇక్కడ్నే నా పంచాయితీ.

2021-22ల మక్కల మద్దతు ధర ఎంతో తెలుసా? 1,870. నేను ఈ ఏడు అమ్మిన రేటు అదే! నాలుగేండ్లల్ల ఇథనాల్ లీటరుకు 19 రూపాయలు పెరిగింది, నా మక్కలు మాత్రం ఉన్న కాడనే ఉన్నయి. ఈ నాలుగేండ్లల్ల విత్తనం బస్తా పెరిగింది, కోత మిషన్ కిరాయి పెరిగింది, కూలి పెరిగింది. మరి ఆ 19 రూపాయలు ఎవరి ఇంటికి పోయినయి?

లెక్క చూద్దాం, నేను చదివింది ఇంటరే, పెద్ద లెక్క కాదు. టన్ను మక్కలకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తదని సర్కారు లెక్క. అంటే క్వింటాలుకు 38 లీటర్లు. 71.86 తోటి గుణిస్తే 2,730 రూపాయలు. మక్కలు 2,400కు కొంటే ఫ్యాక్టరీకి 330 మిగులుతది, దాంట్ల బొగ్గు, కరెంటు, జీతాలు, బ్యాంకు కిస్తీ ఎల్లాలె. కష్టమే, ఒప్పుకుంట. అదే మక్కలు మా కల్లంల 1,870కి పోతే? క్వింటాలు మీద 860. నా కల్లం నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా నడుమ ఎన్ని చేతులు మారినా, ఆ 860ల నాకు పైస రాదు. కింద మక్కల రేటు పడితే పైన ఇథనాల్ రేటు పడదు. కంపెనీలు ఆ రేటుకు కొనేది ఖాయం. ఫ్యాక్టరీ పెట్టినోనికి గ్యారంటీ ఉన్నది. దాంట్ల పోసే పంట పండించినోనికి లేదు.

ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003ల 5 శాతంతోటి మొదలైంది. అప్పుడు చెరుకు మడ్డి తోటే చేసేటోళ్లు, మాకు సంబంధం లేకుండె. 2030కి అనుకున్న 20 శాతాన్ని 2025-26కే జరిపినంకనే ధాన్యం మీద పడ్డరు. ఇప్పుడు దేశంల ఇథనాల్ సగానికి దగ్గర మక్కల నుంచే వస్తున్నది. 2023 జూలైల ఫ్యాక్టరీలకు ఎఫ్‌సీఐ బియ్యం బందు పెట్టిండ్రు. ఫ్యాక్టరీలు మక్కల కోసం ఎగబడ్డయి, 2024ల మంచి రేటు పలికింది. అబద్ధమెందుకు, ఆ ఏడు నేను గూడ సంబురపడ్డ. కోళ్ల ఫారాలోళ్లు మొత్తుకున్నరు. వెంటనే మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి మక్కలు దిగినయి. రేటు పెరిగితే ఓడలు కదులుతయి. పడితే ఫైలు గూడ కదలదు.

మక్కలు ఎక్కువ వేయండి, గిరాకీ ఉన్నది అన్నరు. వేసినం. మేము వేసినంక 2024-25ల మళ్లా బియ్యం తలుపు తెరిచిండ్రు. 52 లక్షల టన్నుల ఎఫ్‌సీఐ బియ్యం, క్వింటాలు 2,250 రూపాయలకు! ఆ బియ్యం మా దగ్గర వడ్లు కొని, మర పట్టించి, గోదాముల పెట్టేసరికి సర్కారుకు క్వింటాలుకు దాదాపు 4 వేలు పడుతది. నాలుగు వేల సరుకు 2,250కి ఇస్తుంటే ఫ్యాక్టరీవోడు నా మక్కలు 2,400 పెట్టి ఎందుకు కొంటడు? నేనైనా కొనను. ఒక చేత్తోటి మక్కలు వేయమని చెప్పి, ఇంకో చేత్తోటి చవక బియ్యం పోసి, మక్కలు పడిపోతే మార్కెట్ అట్లున్నది అంటరు. ఇది మార్కెట్ చేసింది కాదు, మీరు చేసింది.

సోయ సంగతి గూడ ఇండ్లనే ఉన్నది, దీని గురించి మాట్లాడేటోళ్లు తక్కువ. మక్కల నుంచి ఇథనాల్ తీసినంక పిప్పి మిగులుతది. ఎండబెట్టి డీడీజీఎస్ అని అమ్ముతరు. దాంట్ల ప్రోటీన్ బాగుంటది, కోళ్ల దాణాల సోయ చెక్కకు బదులు కలుపుతరు. ఇథనాల్ పెరిగిన కొద్దీ ఆ పిప్పి మార్కెట్ల కుప్పలు పడుతున్నది, సోయ చెక్కకు గిరాకీ తగ్గుతున్నది. సోయ మద్దతు ధర 5,328. నాకు వచ్చింది 4,100. ఒకే ఫ్యాక్టరీ పొగ గొట్టం కింద నా రెండు పంటలూ మాడినయి.

మా బోధన్ దిక్కు పాతోళ్లకు ఒక సంగతి యాదికి ఉంటది. నిజాం షుగర్స్ నడిచిననాడు చెరుకుకు రేటు ముందే తెలిసేది. 1966 చెరుకు కంట్రోల్ ఆర్డర్ ప్రకారం చెరుకు తోలిన 14 రోజులల్ల ఫ్యాక్టరీ పైసలు కట్టాలె, లేకుంటే మిత్తి తోటి కట్టాలె. అన్నిసార్లు కట్టిండ్రని కాదు, బకాయిల కోసం ధర్నాలు చేసినోళ్లల్ల నేనూ ఉన్న. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూతపడ్డది, ఆ కథ ఇంకోనాడు. కానీ ధర్నాల కూసుంటే చేతుల ఒక చట్టం ఉండేది, దాన్ని చూపించి అడిగేది. చెరుకు నుంచి ఇథనాల్ తీసినా ఇయ్యాల చెరుకు రైతుకు ఎఫ్ఆర్‌పీ ఉన్నది, ఈ ఏడు క్వింటాలుకు 355. మక్కల రైతు ఏం చూపించి అడగాలె? మద్దతు ధర కాగితం చూపిస్తే బేరగాడు నవ్వుతడు.

ఇంకొకటి. ఇథనాల్ మా కోసమే అయితే ఫ్యాక్టరీ వద్దని కొట్లాడుతున్నది మేమే ఎందుకు? 2024 నవంబర్‌ల మా పక్క నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం, ఆడోళ్లు పిల్లలతో సహా, రోడ్డు మీద కూసుంటే పనులు ఆగినయి. 2025 జూన్‌ల గద్వాల జిల్లా పెద్ద ధన్వాడల గొడవైంది, కేసులైనయి, రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకపోయిండ్రు. నీళ్లు ఖరాబైతయి, వాసన వస్తది, బోర్లు ఎండుతయి అన్నది వాళ్ల భయం. ఊర్జాదాత చేతులకు బేడీలు ఎట్ల పడ్డయి?

నేను ఇథనాల్ వద్దనే మనిషిని కాదు. ముడి చమురు కోసం దేశం పైసలు బయటికి పోకుండా ఉంటే మంచిదే. బ్రెజిల్ 1975 నుంచి చేస్తున్నది, ఇప్పుడు 30 శాతం కలుపుతున్నది. కానీ అక్కడ ఏ ఇంధనమైనా నడిచే కార్లు 2003 నుంచే అమ్ముతున్నరు. బంకుల ఇథనాల్ వేరే, పెట్రోల్ వేరే, రెండు రేట్లూ కనపడుతయి. ఇథనాల్ రేటు పెట్రోల్ రేటుల 70 శాతం లోపు ఉంటే అది పోయించుకుంటరు, లేకుంటే లేదు. మా అల్లునికి అట్ల ఎంచుకునే వీలు ఎక్కడున్నది? పానిపట్‌ల 2022ల వరి గడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పెట్టిండ్రు. మేము పొలాలల్ల గడ్డి కాల్చి తిట్లు తింటున్నం, అసుంటివి మా దిక్కు పెట్టండి, గడ్డి ఊరికే ఇచ్చినా ఇస్తం.

ఇగ మక్కలతోనే చేస్తమంటే షరతు పెట్టండి. 71.86 తీసుకునే ఫ్యాక్టరీ, ఆ మక్కలు రైతుకు 2,400 తక్కువ కాకుండా ఖాతాల పడ్డట్టు కాగితం చూపించాలె. చూపించకుంటే ఆ రేటు లేదు. వడ్లకు పట్టా పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ మమ్ముల అడుగుతున్నరు కదా, వాళ్లను ఒక్క కాగితం అడగలేరా? మార్కెట్ల మక్కలు మద్దతు ధర కింద ఉన్నన్ని దినాలు చవక బియ్యం బందు చేయాలె. ఈ ఒక్క ఏడు రైతులకు 40 వేల కోట్లు అందుతయని చెప్పిండ్రు. ఏ ఊరి రైతుకు, ఏ ఖాతాల, ఎంత? ఆ జాబితా పెడితే నా పేరు నేను వెతుక్కుంట.

ఈ యాసంగికి ఆ రెండెకరాలల్ల శనగ అలికిన. అల్లుడు సంక్రాంతికి వస్తనన్నడు. పెట్రోల్ బంకు చిట్టీలు పారేయకుండా తీసుకరమ్మన్న. నా కాంటా చిట్టీ నేను పెట్టెల దాచిన. రెండూ ముంగట పెట్టుకొని కూసుంటం.