వంటలక్క కోసం ఎన్నిసార్లు ఏడవాలి?

‘కార్తీకదీపం’ ఆఖరి ఎపిసోడ్ 2023 జనవరి 23న వచ్చింది. అది చానల్ లెక్క. మా వీధి లెక్కలో ఆ సీరియల్ అంతకు పది నెలల ముందే, 2022 మార్చిలో, కథలోని భార్యాభర్తలు డాక్టర్ బాబూ దీపా కారుతో సహా లోయలో పడిపోయిన సాయంత్రమే అయిపోయింది. ఏడ్చేవాళ్లంతా ఆ రోజే ఏడ్చేశారు. ఆ తర్వాత పోయినవాళ్లిద్దరినీ బతికించి తెచ్చి, ఇంకొన్నాళ్లు తిప్పి, ఇదిగో ఇప్పుడు నిజంగా అయిపోయింది చూడండి అంటే ఒక్కరికీ కంట తడి పెట్టబుద్ధి కాలేదు. నా గొడవంతా దాని గురించే. సాగదీశారంటే సరే, భరించాం. డాక్టర్ బాబుకి మతిమరుపు తెచ్చిపెట్టారా, అదీ భరించాం. కానీ జనం మనసారా చెప్పుకున్న వీడ్కోలు చెల్లదు పొమ్మంటే ఎలా?

ముందు నేనెవరో చెప్పుకోవాలి. రాజమండ్రి ఆర్యాపురంలో నాకో కర్రీ పాయింట్ ఉంది. పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు, ఒక రోటిపచ్చడి. ఆదివారమైతే కోడికూర. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అసలు బేరం. దేవుడి పటం పక్కన గోడకి చిన్న టీవీ బిగించాను. 2017 అక్టోబరులో ‘కార్తీకదీపం’ మొదలైనప్పుడు అది పది సీరియళ్లలో ఒకటి. ఏడాది తిరిగేసరికి నా బేరం తీరే మారిపోయింది. ఏడుంబావుకి ఒక్కసారిగా తోపు. ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చోవాలని ఆడవాళ్ల తొందర. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఇంట్లో టీవీ లేని రూముల కుర్రాళ్లు, డ్యూటీకి వెళ్లే నర్సమ్మలు కొట్టు ముందే నిలబడిపోయేవాళ్లు. కూరలు కట్టమని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ ప్రకటనలు వచ్చినప్పుడే కవర్లలో సాంబారు పోసి రబ్బరు బ్యాండ్లు వేసేదాన్ని. వాళ్లలో ఒక కుర్రాడు పొద్దున్నే హాట్‌స్టార్‌లో చూసేసి వచ్చి జరగబోయేదంతా ముందే చెప్పేవాడు. వాడికి చాలాసార్లు పచ్చడి వేయలేదు.

అంతకుముందు నన్ను కొందరు అక్కా అనేవాళ్లు, కొందరు ఆంటీ అనేవాళ్లు. సీరియల్లో దీపని వంటలక్క అంటారు కదా, ఆ తర్వాత అందరికీ నేనూ వంటలక్కనే. వంట చేసి బతుకుతాను, పైగా నల్లగా ఉంటాను. ఇంకేం కావాలి?

దీప కథ తెలియని తెలుగువాళ్లు తక్కువే అయినా, తెలియదని చెప్పుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. నల్లపిల్ల. ఇష్టపడి చేసుకున్న మొగుడు గుండె డాక్టరు. అతని మీద కన్నేసిన మౌనిత దొంగ రిపోర్టు పుట్టించి, నీకు పిల్లలు పుట్టరంది. కడుపుతో ఉన్న భార్యని అనుమానించాడు. ఆవిడ ఇల్లు వదిలి వచ్చి, వంటలు చేసుకుంటూ కూతురు సౌర్యని పెంచుకుంది. కవలల్లో రెండో పిల్ల హిమ ఆ తండ్రి దగ్గరే పెరుగుతోందన్న సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. ఏళ్లపాటు నడిచిందంతా ఇదే.

ఇంత చదువుకున్న డాక్టరు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే సీరియల్ ఆ పూటే అయిపోయేది కదా అని రెండు రాష్ట్రాల్లోనూ నవ్వని మగాడు లేడు. మేమూ నవ్వాం. కాకపోతే నా దగ్గర కూరలు కట్టించుకునే ఆడవాళ్లలో అలాంటి మొగుళ్లున్నవాళ్లు నాకు తెలుసు. పరీక్ష చేయించుకోవాలంటే ముందు పొరపాటు తనదేమోనన్న ఆలోచన మనిషికి రావాలి. అది రావడానికి ఐదేళ్లు పట్టిందంటే నాకేం అతిశయోక్తి అనిపించలేదు. కొందరికి చచ్చేదాకా రాదు.

మెచ్చుకోలేని సంగతి ఒకటుంది. నల్లపిల్ల కథ చెప్పడానికి తెల్లటి అమ్మాయికి నలుపు పూశారు. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ. ఈ కథకి మూలమైన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లోనూ ఆవిడే చేసింది, అక్కడా ఇదే పూత. పండగ ప్రోగ్రాముల్లో ఆవిడ అసలు రంగులో కనబడ్డప్పుడల్లా నాకు కాస్త గుచ్చుకునేది. నిజంగా నల్లగా ఉన్న పిల్ల ఒక్కతీ దొరకలేదా వీళ్లకి అనుకునేదాన్ని. అయినా రోజూ ఏడున్నరయ్యేసరికి నా రంగు మనిషి ఒకతి కొంగు నడుముకి దోపుకుని పొయ్యి దగ్గర నిలబడి, కోట్లున్న మొగుడితో నీ డబ్బు నాకక్కర్లేదు అంటుంటే చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. సినిమాల్లో నా రంగు ఆడమనిషి కనబడితే పనిమనిషి వేషమో, నవ్వించే వేషమో అయి ఉండేది. ఈవిడ చుట్టూ కథంతా తిరిగింది.

2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే వేసినప్పుడు, పార్సిల్ కోసం దూరదూరంగా నిలబడ్డవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న కరోనా ఎప్పుడు పోతుందని కాదు, కొత్తది ఎప్పుడు వేస్తారని. ఆ ఏడాదే ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే మొదలయ్యేసరికి ఇళ్లలో రిమోట్ కోసం యుద్ధాలు. సీరియల్ టైమ్ మార్చండి బాబోయ్ అని ట్విట్టర్‌లో మొరపెట్టుకున్న మగవాళ్లున్నారు.

ఇక ఆ మార్చి సాయంత్రం. చిన్నపిల్ల హిమ సరదాపడి స్టీరింగు పట్టుకోవడం, కారు అదుపు తప్పడం, పిల్ల బతికి బయటపడటం, వాళ్లిద్దరూ పోవడం. ట్రేలో బెండకాయ వేపుడు సగం అలాగే ఉంది. కొట్టు ముందు ఏడెనిమిది మంది. ఎవరూ మాట్లాడలేదు. పొద్దున్నే చూసి వచ్చిన కుర్రాడు ఆ రోజు నోరు మెదపలేదు, తల వంచుకుని నిలబడ్డాడు. అందుకు వాడిని అన్నీ క్షమించేశాను. ఒక నర్సమ్మ కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకుని, “పావుకిలో పప్పు ఇవ్వక్కా” అంది. పప్పు నేను కిలోల్లెక్కన అమ్మనని ఆవిడకి తెలుసు.

మా వెనక వీధిలో ఒక మామ్మగారున్నారు. ఒంటరి మనిషి. ప్లాస్టిక్ కవర్లు గిట్టవని స్టీలు గిన్నె తెచ్చుకుంటారు. ఆవిడ టీవీ వంకే చూస్తూ, “పోన్లేవే, ఇద్దరూ ఒక్కసారే పోయారు. ఒకళ్ల కోసం ఒకళ్లు మిగిలి ఏడవక్కర్లేదు” అన్నారు. గిన్నె తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటతో ఆవిడ వరకూ కథ పూర్తయింది. ఆ రచయితలు రాసిన ఏ ముగింపూ దీనికి సాటి రాదని నా నమ్మకం.

అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! ఆపలేదు. పిల్లల్ని పెద్దవాళ్లని చేశారు. హిమ డాక్టరైంది, సౌర్య ఆటో తోలింది. కొత్త పిల్లలు బాగానే చేశారు పాపం. జనానికే పట్టలేదు. ప్రతి గురువారం వచ్చే రేటింగులు పడిపోయాయి. ఆ రేటింగులంటే దేశం మొత్తమ్మీద కొన్ని వేల ఇళ్లలో పెట్టిన మీటర్లు చెప్పే అంకెలు. మా వీధిలో ఏ ఇంట్లోనూ ఆ మీటరు లేదు. మామ్మగారి మాట ఏ గురువారం లెక్కలోకీ వచ్చి ఉండదు. ఇంకో నాలుగైదు నెలలు గడిచాయో లేదో, దీప కోమాలోంచి లేచింది. డాక్టర్ బాబు గతం మర్చిపోయి మౌనిత దగ్గర ఉన్నాడన్నారు.

వార్త మామ్మగారికి నేనే చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి, “పోయినవాళ్లు తిరిగొచ్చేట్టయితే మా ఆయన్ని కూడా రమ్మను, పదకొండేళ్లయింది” అన్నారు. పక్కనున్న కుర్రాళ్లు ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత కూడా కూరకి వచ్చేవారు గానీ, ఏడున్నర లోపే వచ్చి వెళ్లిపోయేవారు.

సీరియల్ వాళ్ల ఇబ్బంది నాకు తెలియక కాదు. ఒక సీరియల్ నడుస్తుంటే లైట్లబ్బాయి నుంచి ప్రొడక్షన్ వంటవాడి దాకా ఎందరికో తిండి. నడుస్తున్న బేరాన్ని ఎవరు కట్టేసుకుంటారు? కానీ రాత్రి మిగిలిన సాంబారులో నీళ్లు పోసి మర్నాడు అమ్మితే ఆ ఒక్క రోజు గల్లాపెట్టె నిండుతుంది గానీ, మూడోరోజు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు ఉండరు. సంఖ్య గొప్ప కాదనను. ‘కార్తీకదీపం’ పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. ఈటీవీలో ‘అభిషేకం’ 2008లో మొదలై 4,000 ఎపిసోడ్ల దాకా నడిచి 2022 ఫిబ్రవరిలో ముగిసింది. అంతకాలం నడిచిన దానికి ఊళ్లో ఎంత చప్పుడవ్వాలి! మా కొట్టు దగ్గర ఒకరిద్దరు “అయిపోయిందటగా” అనుకున్నారు, అంతే. మంజులా నాయుడు తీసిన ‘మొగలిరేకులు’ 2013లో అయిపోయినా అందులోని ఆర్.కె. నాయుడి పేరు చెబితే ఇప్పటికీ ఆగి మాట్లాడేవాళ్లున్నారు.

‘కార్తీకదీపం’ ముగిసిన మర్నాడు, జనవరి 24న, సరిగ్గా ఏడున్నరకి ‘బ్రహ్మముడి’ మొదలైంది. ఒక్క రోజు వ్యవధి లేదు. ఐదేళ్లు మా ఇళ్లలో తిరిగిన మనుషులకి ఒక్క సాయంత్రమైనా కేటాయించలేకపోయారా? నాకొక్కటే అనిపిస్తుంది. దీప మాట్లాడిన తెలుగు ఆ కేరళ అమ్మాయిది కాదు. తెరవెనక ఒక తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టుది. ఐదేళ్లు మేం ఏడ్చింది సగం ఆ గొంతు విని. ఆఖరి రోజు ఆవిడని తెర మీదికి తీసుకొచ్చి, ఒక నిమిషం మా అందరితో మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది! మౌనితగా చేసిన శోభా శెట్టిని తీసుకొచ్చి, అన్నేళ్లు తిట్టినందుకు మా చేత క్షమాపణ చెప్పించి ఉంటే ఇంకా బాగుండేది. ఆ పిల్లని మా వీధి తిట్టినట్టు ఏ శత్రువునీ తిట్టలేదు.

సీరియల్ చూసి ఏడ్చేవాళ్లని చూసి నవ్వేవాళ్లకి పెద్దగా చెప్పేదేం లేదు. క్రికెటర్ రిటైరైతే వీళ్లూ ఏడుస్తారు, నేను చూశాను. ఆ రోజుల్లో నేను కూరలు ఉచితంగా కట్టలేదు గానీ నవ్వలేదు. ఈ పత్రికల వాళ్లని కూడా ఒక మాట అనాలి. ఈ సీరియళ్లేం పిచ్చి అని వ్యాసాలు వేస్తారు, వెబ్‌సైట్లలో మాత్రం రోజూ నేటి ఎపిసోడ్‌లో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాస్తారు.

2024 మార్చి 25 నుంచి ‘కార్తీకదీపం 2’ అని మొదలెట్టారు. అవే పేర్లు, అదే జంట, కథ వేరు. దీన్ని నేను తప్పుపట్టను. పోయినవాళ్లు మళ్లీ లేచొచ్చారని అబద్ధమాడలేదు, ఇది వేరే దీప అని ముందే చెప్పారు. నేను చూస్తాను. మామ్మగారు చూడనన్నారు, ఆవిడ ఇష్టం.

చానల్ వాళ్లకి నా విన్నపం. ఈ రెండోదాన్ని ముగించేటప్పుడు నెల ముందే తేదీ చెప్పండి. చంపుతారో, కలుపుతారో మీ ఇష్టం. చెప్పిన తేదీ మాత్రం మార్చకండి. ఆ పూట నేను కొట్టు తెరవను. కూర కావాల్సినవాళ్లు పొద్దున్నే పట్టుకెళ్లాలి.